పన్నెండో గీత

పన్నెండే, నిన్నటిలాగే పన్నెండు మీదే ఉంది, ఉంటుందని తెలుసు, తెలిసి కూడా చూడకుండా కూర్చోవడం చేతకాదు, టిఫిన్ క్యారియర్ బల్ల కింద పెట్టకముందే, మూసాపేట నుంచి ఎండలో నడిచొచ్చిన చెమట తుడుచుకోకముందే, టైపు మిషను ముసుగు తీసి, వెనక కొలబద్ద మీద ఎడమ మార్జిన్ ఆపే బుడిపె ఏ గీత దగ్గర నిలబడి ఉందో వంగి చూసుకోవడం పుణ్యవతికి పొద్దున్నే దేవుడి పటం వైపు చూడటం లాంటిదే అయిపోయింది, దేవుడైనా ఈ మధ్య అంత నమ్మకంగా కనిపించడం లేదు, బుడిపె మాత్రం కనిపిస్తోంది, రెండేళ్లుగా ఒక్క రోజు తప్పకుండా పన్నెండో గీత మీద, ఆమెదీ కాని, సాయంత్రం షిఫ్టు మనిషిదీ కాని గీత మీద, ఇద్దరూ చెరికాస్త జరిగి కలుసుకున్న గీత మీద, అయితే ఇవాళ్టితో సరి, గోడ వారగా చెక్క పెట్టెలో గడ్డి మధ్య కొత్త మిషను వచ్చి కూర్చుంది, కరెంటు కోత పుణ్యమా అని ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు ఎత్తేశారు, సాయంత్రాలు ఈ కుర్చీలోనే కూర్చుని ఈ మిషనే కొట్టే ఐలయ్య ఇవాళ్టి నుంచి పగటి డ్యూటీకి వస్తాడట, కొత్త మిషను అతనికట, ఈ పాతది పూర్తిగా మీదేనమ్మా, ఇక ఎవరూ వేలు పెట్టరు అని మేనేజరు చలపతిరావు గారు నాలుగు రోజుల కిందట ఏదో వరమిచ్చినట్టు చెప్పి వెళ్లారు, ఎవరూ వేలు పెట్టని మిషను కావాలని ఆయన్ని ఎవరడిగారు.

అడగడం ఆమె వల్ల ఎప్పుడైంది గనక, పెళ్లిలో చీర రంగు అడగలేదు, సత్రంలో మంచినీళ్లు అడగలేదు, అయినా ఇవాళ ఒక్క మాట అనాలి, నాలుగు రోజులుగా దారిలో నడుస్తూ తయారుచేసుకున్న మాట, చాలా చిన్నది, మార్జిను పన్నెండు మీద పెట్టినందుకు థాంక్సండీ, అంతే, నలభై దాటిన విధవ మనిషి ముఖపరిచయం లేని మగవాడితో ఇంతకంటే ఏం అంటుంది, అతను దానికి ఆఁ, దాందేముంది అన్నాడంటే చాలు, ఈ ఊళ్లో తన గురించి ఆలోచించి చెయ్యి కదిపిన మనిషి ఒకడున్నాడని రూఢి అయిపోతుంది, ఆ రూఢి ఒక్కటీ చేతికొస్తే ఇక ముందు రోజులు ఎలాగో గడుస్తాయి, మొదట్లో మాత్రం యుద్ధమే నడిచింది, ఆమెది పది, తెనాలి ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టారు బెత్తంతో బల్ల మీద కొట్టి మరీ నేర్పిన పది, పేరా మొదట అయిదు ఖాళీలు, వరుసకీ వరుసకీ మధ్య రెండు మెట్లు, అతనిది పదిహేను, సరుకు పంపే కాగితాలకు ఎడమ పక్కన చిల్లులు పొడిచి ఫైల్లో గుచ్చుతారు కదా, అక్షరాలకు చిల్లు పడకుండా పదిహేను, పొద్దున్నే వచ్చి ఆమె పదికి లాగేది, సాయంత్రం వచ్చి అతను పదిహేనుకు తోసేవాడు, చూసుకోకుండా మొదలుపెట్టిన రోజున మూడు కార్బన్లతో సహా కాగితాలన్నీ పాడు, ఎవడో గాని మొండిఘటం అని ముఖం చూడని మనిషి మీద పళ్లు నూరుకునేది, బయట కూడా ఆ ఏడాది అదే గోల, తెలంగాణా ఆంధ్రా, ఇది మాది అది మీది అని, బస్సులు సగం దారిలో ఆగిపోయేవి, బాలానగర్ చౌరస్తాలో టైర్లు కాలిన కంపు ఆఫీసు దాకా వచ్చేది, ఆఫీసులో కూడా ఇటువాళ్లూ అటువాళ్లూ వేరువేరు బల్లల దగ్గర తినడం మొదలుపెట్టారు, అలాంటి రోజుల్లో ఒక సోమవారం ముసుగు తీసేసరికి బుడిపె పన్నెండు మీద ఉంది, పదీ కాదు పదిహేనూ కాదు, పైగా అచ్చుల్లో ఏళ్లుగా పేరుకున్న మసి ఎవరో కూర్చుని గీకి తీసినట్టు గుండ్రటి అక్షరాల కడుపులన్నీ తెల్లగా పడుతున్నాయి, క్యారేజ్ నూనె వాసన వేస్తూ చేతి కింద జారిపోతోంది, శనివారం రాత్రి చివరగా కూర్చున్నవాడు ఐలయ్యే, ఇంకెవరు చేస్తారు, ఆమె చెయ్యి బుడిపె దాకా వెళ్లి ఆగింది, అంత గోల నడుస్తుంటే అటువైపు మనిషి మూడు గీతలు దిగొచ్చాడు, తను రెండు గీతలు ఎక్కలేదా, చెయ్యి వెనక్కి తీసేసుకుంది, పన్నెండు మీదే కొట్టింది, కొట్టినంతసేపూ కళ్లు ఎడమ అంచు దగ్గర తడబడుతూనే ఉన్నాయి, మర్నాడు పొద్దున చూస్తే బుడిపె అక్కడే ఉంది, ఆ మర్నాడూ అక్కడే ఉంది.

జరగడమంటే ఆమెకు కొత్తేమీ కాదు, పుట్టాక చేసిందంతా జరగడమే, భర్త భీమేశ్వరరావు బతికున్న కాస్త కాలంలో చెడ్డమాట ఒకటి అన్న పాపాన పోలేదు, మంచిమాట కూడా గుర్తున్నంతలో లేదు, ఒక వేసవిలో ఆమె తన మంచం గాలి కోసం కిటికీ వైపు జరుపుకుంటే, సాయంత్రం ఆయన బడి నుంచి వచ్చి, ఏమీ అనకుండా దాన్ని మళ్లీ గోడ దగ్గరికి లాగి, చేతులు దులుపుకుని కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయారు, కోపం లేదు, విసుగూ లేదు, అదే ఆమెకు ఇప్పటికీ మింగుడుపడదు, కోప్పడి ఉంటే తను అక్కడ ఉన్నట్టైనా ఉండేది, కామెర్లతో ఆయన పోయాక అన్నయ్య ఇంట్లో ఆమె ట్రంకుపెట్టెకు కాళ్లొచ్చాయి, చుట్టాలొస్తే గదిలోంచి వసారాలోకి, వానొస్తే వసారాలోంచి వంటింటి మూలకి, వదిన మంచిదే, ప్రతిసారీ ఏమీ అనుకోకు వదినా అనే జరిపించేది, చివరికి టైపు పరీక్ష ప్యాసై పెట్టెతో సహా ఇంత దూరం వచ్చి పడితే మూసాపేటలో బుచ్చమ్మ ఇంట్లో ఒక గది కిరాయికి దొరికింది, బుచ్చమ్మది పెద్ద నోరు, ఇంకా పెద్ద సంసారం, గొడవల రోజుల్లో ఆమెను గడప దాటనివ్వలేదు, నువ్వు ఊకె లోపట కూసో బిడ్డా, ఎవడన్న వచ్చి అడిగితే మా చెల్లె అని చెప్త, ఎవడేం జేస్తడో చూస్త అంది, అంత మనిషి కూడా సాయంత్రమైతే తన కోడళ్లూ పిల్లలూ పాలేరూ గేదెలూ అని తిరిగిపోయేది, ఆదివారం పొద్దున మాత్రం గుమ్మంలో నిలబడి ఒక్కదానివే ఏం జేస్తవ్ దినమంత అని అడిగేది, బట్టలు ఉతుక్కుంటానండీ అనేది పుణ్యవతి, మూడు చీరలు ఉతకడానికి దినమంతా పట్టే మనిషి లోకంలో ఆమె ఒక్కతే అయి ఉంటుంది, సోమవారం ఆఫీసుకొచ్చి చలపతిరావు గారికి నమస్కారమండీ అనేటప్పటికి గొంతు పెగలక దగ్గాల్సి వచ్చేది, వాడక తుప్పు పట్టిన తలుపులాంటి గొంతు, అలాంటి బతుకులో ఒక మనిషి తన సామాను తను జరుపుకున్నాడు, ఆమె చోటు కోసం, ఎవరూ చెప్పకుండా, అది ఎంత పెద్ద సంగతో ఎవరికి చెప్పినా నవ్వుతారు గనక ఎవరికీ చెప్పలేదు.

చూడాలని ఉండేది, ఉండదా మరి, అయినా నాలుగున్నరకు ఆమె ఇంటిదారి పట్టాక గాని అతను వచ్చేవాడు కాదు, దసరాకు ఆయుధపూజ రోజున ఆఫీసంతా ఒకచోట చేరుతుంది గాని ఆ పూట ఆమె సెలవు పెట్టేది, పసుపూ కుంకుమా పంచేచోట తను గోడకు ఆనుకుని నిలబడితే అందరికీ ఇబ్బంది, మర్నాడొచ్చి చూస్తే మిషనుకు కుంకుమబొట్టూ బంతిపువ్వూ ఉండేవి, అతనే పెట్టి ఉంటాడని ఆ బొట్టు చెరిగిపోయేదాకా తుడిచేది కాదు, తెలిసిందల్లా కార్బన్ కాపీల్లోంచే, అతను ఫుల్‌స్టాపు కాగితానికి చిల్లు పడేలా కొడతాడు, అయిపోయింది ఇక ఫో అన్నట్టు, కామా దగ్గర మాత్రం మెత్తన, ఒకోసారి పడీపడనట్టు ఉంటుంది, ఆ రెంటినీ కలిపి ఆమె ఒక మనిషిని కట్టుకుంది, పొడుగ్గా ఉంటాడు, కళ్లజోడు, కోపం త్వరగా వచ్చి త్వరగా పోతుంది, జేబులో ఇస్త్రీ చేసిన రుమాలు, పుస్తకాలు చదువుతాడు, ఒంటరివాడే అయి ఉంటాడు, ఆ భాగం దగ్గర మాత్రం తనకే సిగ్గేసి ఆలోచన కిటికీలోంచి బయటికి తోసేసేది, అక్కడ రాళ్లగుట్టలూ తుప్పలూ తప్ప ఏమున్నాయి, మియాపూర్ వైపు నుంచి సీతాఫలాల గంపలు నెత్తిన పెట్టుకొచ్చే ఆడవాళ్లు తప్ప, వెళ్లేముందు మీటలన్నీ గుడ్డతో తుడిచి, అరిగిన రిబ్బన్ తిప్పిపెట్టి, కుర్చీ లోపలికి నెట్టి, ఇక వస్తాను అనుకునేది, పైకి కాదు లోపల, రోజు మొత్తంలో ఎవరికైనా వస్తానని చెప్పడం అదొక్కటే.

సలామమ్మా అంటూ ఖాదర్ భాయ్ వచ్చేశాడు, ఆబిడ్స్‌లో మిషన్లు బాగుచేసే దుకాణం అతనిది, సైకిలు మీద సంచీ, సంచీలో స్క్రూడ్రైవర్లు, నూనె బుడ్డీ, అతను చెక్క పెట్టె పలకలు ఊడబెరికి గడ్డి గదంతా చల్లి, కొత్త మిషనును పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తి కిటికీ పక్క బల్ల మీద పెట్టాడు, నల్లగా నిగనిగలాడుతోంది దొంగముఖంది, పుణ్యవతి దాన్ని చూడకూడదనుకుంటూనే చూసింది, ఖాదర్ భాయ్ క్యారేజ్ ఇటూ అటూ తోశాడు, గంట మోగింది, కొత్త గంట, బాగా గట్టిది, ఒక వరుస ఊరికే కొట్టి చూసుకున్నాడు, తర్వాత బొటనవేలితో, చూడనైనా చూడకుండా, బీడీ కోసం రెండో చేత్తో జేబు తడుముకుంటూనే, మార్జిన్ బుడిపెను టకటక జరిపి వదిలేశాడు, వదిలేసిన చోటు పన్నెండు, ఆమెకు మొదట సంతోషమే కలిగింది, అయ్యో ఐలయ్య ముందే చెప్పి పెట్టించుకున్నాడు, సొంత మిషనొచ్చినా పన్నెండే కావాలన్నాడు అనుకుంది, ఎన్నడూ అడగని మనిషి నోరు తనంతట తానే తెరుచుకుంది, పన్నెండు మీద పెట్టమని ఐలయ్య గారు చెప్పారా ఖాదర్ భాయ్ అంది, ఎవరు చెప్పలేదమ్మా అన్నాడు అతను బీడీ చెవి మీద పెట్టుకుంటూ, నేను ఏ మిషన్ ఇప్పినా ఫిట్ చేసినంక పన్నెండు మీదనే పెట్టి ఇస్త, మా ఉస్తాద్ అలవాటు చేసిండు, క్యారేజ్ సాఫ్‌గ పోతుందా లేదా తెలుస్తది, ఇగ ఎవలకు కావల్సినట్టు వాళ్లు జరుపుకుంటరు, మీ పాత మిషన్ గూడ గట్లనే ఇచ్చిన గద, రెండేండ్ల కింద, గొడవలకు దుకాణం బంద్ ఉండె, మేనేజర్ సాబ్ ఆదివారం రమ్మన్నడు, కూసోని పొద్దుమూకేదాక మొత్తం ఇప్పి కడిగిన, యాదికి లేదా, మీరు లేకుంటిరి తియ్.

ఆదివారం, అంటే శనివారం రాత్రికీ సోమవారం పొద్దుటికీ మధ్య ఒక ఆదివారం ఉంటుందన్న సంగతి ఆమెకు తట్టనే లేదు, ఆదివారమంటే బట్టలుతుక్కునే రోజు, లోకంలో ఎవరూ ఎక్కడికీ వెళ్లరని అనుకుందేమో, మసి గీకింది ఖాదర్ భాయ్, నూనె పోసింది ఖాదర్ భాయ్, పన్నెండు పెట్టింది బీడీ వెతుక్కుంటున్న మనిషి బొటనవేలు, ఎవరూ దిగిరాలేదు, ఎవరూ ఆమె గురించి ఆలోచించలేదు, సరే ఖాదర్ భాయ్ అంది, తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది, కాగితం ఎక్కించింది, మరి రెండేళ్లపాటు అతను పదిహేనుకు తొయ్యలేదేం, రోజూ తోసి తోసి విసుగెత్తి మానేసి ఉంటాడు, ఆ తర్వాత చూసి కూడా ఉండడు, ఎక్కడుంటే అక్కడ కొట్టుకుపోయి ఉంటాడు, భీమేశ్వరరావు గారు మంచం లాగినట్టు లాగడానికైనా ఆవలివైపు ఒక మనిషుందని గుర్తుండాలి కదా, ఇతనికి ఆ గుర్తూ లేదు, తనే, తను ఒక్కతే, ఒక ఇనపముక్కతో కాపురం చేసింది, బంతిపువ్వులూ కళ్లజోడూ ఇస్త్రీ రుమాలూ తనే దానికి తగిలించింది, నవ్వొచ్చింది, నవ్వు గొంతు దాకా వచ్చి మరొకటిగా మారబోతే, ఖాదర్ భాయ్ చూస్తాడని పనిలేకపోయినా రిబ్బన్ తీసి మళ్లీ పెట్టింది, వేళ్లు నల్లబడ్డాయి, ఎంత ఒంటరిది కాకపోతే మనిషి ఇంత చిన్నదాన్ని పట్టుకుని ఇంతకాలం వేలాడుతుంది, బుచ్చమ్మకు తెలిస్తే పిచ్చి లేసిందా బిడ్డా అంటుంది, పిచ్చే, కాదనడానికేముంది, థాంక్సు చెప్పాలనుకున్న మాట ఇంకా నాలుక మీదే ఉంది, దాన్ని ఎవరికివ్వాలో తెలియక అక్కడే అరిగిపోతోంది.

చలపతిరావు గారి వెనకే ఒక మనిషి లోపలికొచ్చాడు, పొట్టిగా, బొద్దుగా, నెత్తికి కొబ్బరినూనె దట్టంగా పట్టించి, చేతిలో ప్లాస్టిక్ బుట్ట, అందులో గిన్నె, గిన్నె మీద తువ్వాల, కళ్లజోడు లేదు, ఇదిగో మన ఐలయ్య, ఈవిడ పుణ్యవతి గారు అని చలపతిరావు గారు వెళ్లిపోయారు, నమస్తేనమ్మా అన్నాడతను చూపు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు, నమస్కారమండీ అంది ఆమె, గొంతు పెగలక ఒకసారి దగ్గి, అంతే, అయిపోయింది, ఫుల్‌స్టాపు కాగితానికి చిల్లు పడేలా పడింది, అతను బుట్ట బల్ల కింద పెట్టాడు, పూర్తిగా పెట్టలేదు, సగం వంగి ఆగాడు, ఆగి, ఆ వంగిన మనిషి వంగినట్టే ముందుకు జరిగి కొత్త మిషను వెనక కొలబద్ద వైపు చూశాడు, చెమట తుడుచుకోకముందే, కూర్చోకముందే, పుణ్యవతి వేళ్లు మీటల మీద నిలిచిపోయాయి, ఆ చూడటం ఆమెకు తెలుసు, రోజూ చూసేవాడు గాని అలా చూడడు, అతను పన్నెండును చూశాడు, ఎవరి అనుమతి కోసమో అన్నట్టు ఒక్క క్షణం ఉండి, రెండు వేళ్లతో బుడిపె పట్టుకుని పదమూడు, పద్నాలుగు, పదిహేను, అక్కడ వదిలాడు, కుర్చీలో కూర్చుని ఇరుకు చెప్పులు విప్పేసిన మనిషిలా ఊపిరి వదిలాడు, అంటే మర్చిపోలేదు, అతని చెయ్యి రెండేళ్ల తర్వాత కూడా పదిహేనునే వెతుక్కుంటోంది, మరి ఇన్ని సాయంత్రాలు, ఆలోచన ఇంకా అక్కడికి చేరకముందే అతను వెనక్కి తిరిగాడు, ఆమె చూడటం చూశాడు, తప్పు చేస్తూ దొరికినట్టు ముఖం పెట్టాడు.

ఏమనుకోకుండ్రి అమ్మా, నాకు పదిహేను లేకుంటే చెయ్యే నడవది అన్నాడు, గప్పుడు మీరు పది ఇడ్సిపెట్టి పన్నెండుకు వస్తిరి, మిషన్ సుత కడిగి మంచిగ పెడ్తిరి, గంత గొడవల్ల గూడ, ఆంధ్రామె అయి గూడ నాకోసం జరిగింది గద, నేను మళ్ల పదిహేనుకు జరిపితే ఏం బాగుంటదని గట్లనే కొట్టుకుంట వచ్చిన, చిల్లులల్ల అక్షరాలు పోతున్నయని స్టోర్సోళ్లు తిట్టిన్రు, తిడితే తిట్టనీ అనుకున్న, ఇప్పుడు ఎవల మిషన్ వాళ్లకాయె గద, ఇగ మీకు గూడ తిప్పలుండది, పుణ్యవతి వింటూ ఉంది, ఊఁ అని ఊరుకోవచ్చు, అతను ఇస్తున్న పేరు తీసుకుని మంచిదండీ అనవచ్చు, తన చేత కానిదల్లా అలా ఊరుకునే గడుపుకొచ్చింది, ఊరుకోలేకపోయింది, నేను పెట్టలేదండీ, ఖాదర్ భాయ్ పెట్టాడు, ఆదివారం వచ్చి, నాకూ ఇప్పుడే తెలిసింది అంది, ఖాదర్ భాయ్ అవునవును అన్నట్టు తలూపి సంచీ సర్దుకుంటున్నాడు, ఐలయ్య అతని వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, మీరు పెట్టకుంటే మరి మీరెందుకు జరపలె, మీది పది గద అన్నాడు, మీరు పెట్టారనుకున్నానండీ, మూడు గీతలు దిగొచ్చారనుకున్నాను అంది, అతను చాలా నెమ్మదిగా, కామా కొట్టినంత మెత్తగా, మీరు గూడనా అన్నాడు.

నేనూనండీ అనాలి, అనలేదింకా, కరెంటు పోయి నెత్తి మీద ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ ఆగిపోతోంది, ఎవరూ ఇవ్వనిదాన్ని ఇద్దరు మనుషులు ఎదుటివాళ్లు ఇచ్చారనుకుని పాడుచేయకుండా కాపాడుకొచ్చారు, మొదటి రోజున ఎవరి బొటనవేలు తగిలిందన్నది ఇక ఆమెకు అక్కర్లేదు, ఆ తర్వాత వచ్చిన ప్రతి సాయంత్రం ఈ పొట్టి మనిషి ఇక్కడ కూర్చుని, చెయ్యి నడవకపోయినా, తిట్లు తింటూ, ముఖం ఎరగని ఒక ఆడమనిషి నొచ్చుకోకూడదని ఊరుకున్నాడు, అది మాత్రం నిజంగా జరిగింది, తనకోసం జరిగింది, తను ఇన్నాళ్లూ ఒక్కతే అనుకుంటూ గడిపిన రోజుల్లోనే జరిగింది, ఆ మనిషి ఇప్పుడు రెండు బారల దూరంలో కూర్చుని ఆమె ఏమంటుందోనని చూస్తున్నాడు, అతనితో మాట్లాడవచ్చు.